రాగం తీయని రాఘవ

తెలుగు నాటకం అనగానే చాలామంది చెవుల్లో మోగేది పద్యం. హార్మోనియం శ్రుతి అందుకుంటుంది, నటుడు ఒక అడుగు ముందుకేసి చెయ్యి చాచి రాగం ఎత్తుకుంటాడు, చివర్లో జనం 'వన్స్ మోర్' అని కేకలేస్తారు. వందేళ్లకు పైగా ఈ పద్ధతి పెద్దగా మారలేదు. విచిత్రం ఏమిటంటే, ఇందులో ఏమాత్రం ఇమడని మనిషిని తెలుగువాళ్లు తమ మహానటుల్లో ముందు వరసలో కూర్చోబెట్టారు. బళ్ళారి రాఘవ పద్యాన్ని సాగదీయలేదు. నాటకం మీద బతకాల్సిన అవసరం ఆయనకు లేదు, వృత్తికి ప్లీడరు, పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. సినిమాల్లో నటించింది మూడే, అదీ యాభై అయిదు దాటాక. పైగా ఆయన పేరులో ఉన్న ఊరు 1953 నుంచి వేరే రాష్ట్రంలో ఉంది.

ఇన్ని ఉన్నా పేరు నిలిచింది. పేరు నిలిచినంతగా ఆయన పని గురించిన అవగాహన మాత్రం నిలవలేదు. రాఘవ మీద వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం గాంధీ మెచ్చుకున్నారు, ఇంగ్లీషు నాటకకర్త బెర్నార్డ్ షాను కలిశారు అంటూ సర్టిఫికెట్లు చూపించడంతోనే సరిపోతుంది. ఎవరు మెచ్చుకున్నారన్నది కీర్తికి కొలత అవుతుందేమో కానీ నటనకు కాదు. రంగస్థలం మీద ఆయన తెచ్చిన మార్పేమిటి, అది అంతటా ఎందుకు పాకలేదు, ఆయనలాంటి నటుడే కావలసిన సినిమా ఆయన్ని ఎందుకు సరిగా వాడుకోలేకపోయింది అన్నవి అసలు ప్రశ్నలు.

ఆయన పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. తండ్రి నరసింహాచార్యులు బళ్ళారిలో తెలుగు పండితులు. రాఘవ జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆంధ్ర నాటక పితామహుడు అని తర్వాత కాలం పిలుచుకున్నది ఆయన్నే. ఆయన కూడా బళ్ళారిలో ప్లీడరే.

అప్పటి బళ్ళారిని ఇప్పటి మ్యాపుతో చూస్తే అర్థం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం, దత్తమండలాల్లో (ఇప్పుడు రాయలసీమ అంటున్న ప్రాంతంలో) ఒక జిల్లా కేంద్రం. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వీధిలో వినిపించేవి. ఇంగ్లీషు దండు ఉండే కంటోన్మెంటు ఊరు. ధార్వాడ వైపు నుంచీ, మరాఠీ ప్రాంతం నుంచీ నాటక బృందాలు దిగేవి. ఆ బృందాల పాటలకు, తెరలకు, ఆడంబరానికి జనం విరగబడేవాళ్లు. మన భాషలో ఇలాంటిది ఎందుకు లేదన్న ఉడుకు చదువుకున్నవాళ్లలో పుట్టింది. ధర్మవరం వారు సరస వినోదినీ సభ పెట్టి సొంతంగా నాటకాలు రాయడం మొదలుపెట్టింది ఈ వాతావరణంలోనే. 'చిత్రనళీయం'తో మొదలై పదుల సంఖ్యలో రాశారు. 'విషాద సారంగధర'లో సంస్కృత నాటక సంప్రదాయం ఒప్పుకోని విషాదాంతాన్ని తెచ్చారు. వీటన్నిటికంటే జనంలోకి ఎక్కువగా వెళ్లింది మరొకటి: సొంత తెలుగు నాటకంలోకి పాటలను, రాగయుక్తంగా పాడే పద్యాలను తీసుకొచ్చిన వాళ్లలో ఆయన ముందువారు.

అంటే, తెలుగు రంగస్థలానికి పాట అలవాటు చేసింది మేనమామ. ఆ పాటను నటన మీంచి దింపాలని చూసింది మేనల్లుడు. ఒకే ఇంట్లో, ఒకే తరం తేడాలో ఇది జరగడం రాఘవ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి. చరిత్రకారులు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తుంటారు.

బళ్ళారిలోనే ఇంకో ప్లీడరు, కోలాచలం శ్రీనివాసరావు, ధర్మవరం వారికి పోటీగా సుమనోరమ సభ నడిపారు. ఆయనకు పురాణాల కంటే చరిత్ర మీద మోజు ఎక్కువ. ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాసిన మనిషి. రెండు సమాజాలకూ మధ్య పోటీ గట్టిగానే ఉండేది. మేనమామ నీడలో పెరిగిన రాఘవకు పెద్ద పేరు తెచ్చిన పాత్రల్లో ఒకటి మాత్రం అవతలి శిబిరం నాటకంలోది, కోలాచలం వారి విజయనగర పతనం నాటకంలోని పఠాన్ రుస్తుం. హంపీ శిథిలాలు బళ్ళారికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. 1565 నాటి ఆ ఓటమి బళ్ళారి ప్రేక్షకుడికి పుస్తకంలో చదివిన విషయం కాదు, బండి కట్టుకుని వెళ్లి చూసి వచ్చిన రాళ్లు. అలాంటి చోట విజయనగరం కూలడాన్ని చూపే కథలో, శత్రుపక్షం వైపున్న పఠాను పాత్ర వేసి, ఆ పాత్రతోనే గుర్తుండిపోవడం చిన్న విషయమేమీ కాదు. శ్రీవైష్ణవ కుటుంబంలోంచి వచ్చిన నటుడు పఠాన్‌గా మెప్పించాడంటే, జనం వేషాన్ని కాక మనిషిని చూశారన్నమాట.

చదువు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో, ఆ తర్వాత లా కాలేజీలో. యువకుడిగా ఉన్నప్పుడే షేక్‌స్పియర్ నాటకాలు ఇంగ్లీషులో వేయడం మొదలైంది. బళ్ళారికి తిరిగొచ్చి క్రిమినల్ కేసుల్లో మంచి పేరు తెచ్చుకున్నారు, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేశారు, ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. నటుడి జీవితంలో ఇదంతా పక్క సమాచారంలా కనిపిస్తుంది కానీ కాదు. ఆయన పద్ధతికి పునాది ఇక్కడే ఉంది. ఆ సంగతికి వచ్చేముందు, ఆయన వద్దన్న పద్ధతి ఎలా పనిచేసేదో కొంచెం దగ్గరగా చూడాలి.

హరిశ్చంద్రలో కాటిసీను తీసుకోండి. చంద్రమతి కొడుకు శవంతో వచ్చింది. కాటికాపరిగా ఉన్న భర్త ఆమెను గుర్తుపట్టలేదు, సుంకం కట్టమంటాడు. కథ ప్రకారం మనిషి గుండె పగిలే ఘట్టం. రంగం మీద జరిగేది వేరు. నటుడు హార్మోనిస్టు వైపు ఒక చూపు చూస్తాడు, శ్రుతి పెరుగుతుంది. సీస పద్యం ఎత్తుకుంటాడు. మామూలుగా చెబితే నిమిషంలో అయిపోయే పద్యం, ప్రతి పాదం చివర ఆలాపన, ఎత్తుగీతి దగ్గర ఇంకో సంగతి వేసుకుంటూ పాడితే నాలుగైదు నిమిషాలు నడుస్తుంది. బాగా పాడాడా, వన్స్ మోర్. మళ్లీ మొదటినుంచి. ఈలోగా కొడుకు శవం పక్కన కూర్చున్న చంద్రమతి ఏడుపు ఆపి ఎదురుచూస్తూ ఉంటుంది. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి ఇంకోసారి పాడి మళ్లీ చచ్చిపోయిన కథలు తెలుగు ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

నవ్వుకోవచ్చు కానీ, ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. మైకులు లేని కాలం. ఊరి బయట మైదానంలో పందిరి, పెట్రోమాక్స్ దీపాలు, ముందు నేల టిక్కెట్లు, వెనక బెంచీలు, కుర్చీలు. రాత్రి తొమ్మిది పది గంటలకు మొదలై తెల్లవారేదాకా సాగే ఆట. వెయ్యి మందికి మాట వినపడాలంటే మామూలు గొంతు చాలదు. హెచ్చు శ్రుతిలో తీసిన రాగం చివరి వరసదాకా వెళుతుంది. ముఖంలో కదలికలు ఆ వెలుతురులో నాలుగో వరస దాటితే కనపడవు, పద్యం మాత్రం కళ్లు మూసుకున్నవాడికీ అందుతుంది. పద్యం జనానికి ముందే తెలుసు కాబట్టి కథ తప్పిపోతుందన్న టెన్షన్ లేదు. పైగా నాటకం వ్యాపారమయ్యాక కంట్రాక్టర్లు ఒకే నాటకానికి పేరున్న గాయకుల్ని ఇద్దర్ని ముగ్గుర్ని తెచ్చి, ఒక అంకానికి ఒక కృష్ణుడు, ఇంకో అంకానికి ఇంకో కృష్ణుడు అన్నట్టు ఆడించేవాళ్లు. టిక్కెట్టు కొన్నవాడు కృష్ణుణ్ణి చూడ్డానికి రాలేదు, ఫలానావారి గొంతు వినడానికి వచ్చాడు. అతని దృష్టిలో వన్స్ మోర్ న్యాయమైన డిమాండే.

రాఘవ ఎదిరించింది ఈ మొత్తం వ్యవస్థను. పద్యాన్ని ఆయన నిషేధించలేదు. భావం ఎంతవరకు అడుగుతుందో అంతవరకే, మాట్లాడినట్టు చెప్పాలన్నారు. ఏడుపులో ఉన్నవాడు ఆలాపన చెయ్యడు, కోపంలో ఉన్నవాడు స్వరం వెయ్యడు. ఇంత తేలికైన తర్కం. అమలు చెయ్యడమే కష్టం. రాగం తీసేస్తే ఆ ఖాళీని దేనితో నింపాలి? రాఘవ ఇచ్చిన జవాబు కళ్లు, నడక, మాట విరుపు, మౌనం. ఆయన నాటకాలు చూసినవాళ్ల జ్ఞాపకాల్లో ఆయన పాడిన పద్యం గురించి దాదాపు ఏమీ ఉండదు. చూపు గురించీ, మాట మధ్యలో ఆగిన తీరు గురించీ ఉంటుంది.

కోర్టు సంగతి ఇక్కడ కలుస్తుంది. క్రిమినల్ కోర్టులో రోజూ నిలబడే లాయరు మనుషులు నిజంగా ఎలా అబద్ధమాడతారో, భయపడినప్పుడు గొంతు ఎక్కడ జారుతుందో, హంతకుడు ఎంత మామూలుగా కనిపిస్తాడో చూస్తూ ఉంటాడు. తన మాట జడ్జికి, జ్యూరీకి ఎక్కాలంటే ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ ఆగాలో అతనికి తెలిసి ఉండాలి. పాడి గెలిచే కేసు ఉండదు. ఇది రాఘవ ఎక్కడో చెప్పిన మాట కాదు, ఆయన పాత్రల జాబితా చూస్తే తట్టే అంచనా. దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు, షైలాక్, ఒథెల్లో. మెత్తని మనుషులు తక్కువ. లోపల ఏదో రగులుతుండగా పైకి వాదన నడిపే మనుషులే ఎక్కువ.

రెండో లాభం డబ్బుది. నాటకం మీద వచ్చే ఆదాయంతో ఆయనకు పని లేదు. చాలా ప్రదర్శనలు విరాళాల కోసం వేసినవే. కంట్రాక్టరుకు జవాబు చెప్పక్కర్లేదు కాబట్టి వన్స్ మోర్‌కు లొంగక్కర్లేదు. మైలవరం లాంటి నాటక కంపెనీల్లో జీతానికి పనిచేసే నటుడికి ఈ స్వేచ్ఛ లేదు. అతను రాగం మానేస్తే మర్నాడు అతని స్థానంలో ఇంకొకరు ఉంటారు. రాఘవ సంస్కరణ తెలుగునాట అంతటా ఎందుకు పాకలేదన్నదానికి సగం జవాబు ఇదే. అది ఖాళీ కడుపుతో చెయ్యగలిగిన సంస్కరణ కాదు. మిగతా సగం జవాబు హాలుది. ఆయన పద్ధతి పట్నంలో, నాలుగు గోడల మధ్య, చదువుకున్న ప్రేక్షకుల ముందు పండుతుంది. మైదానంలో పది వరసల అవతల కూర్చున్న మనిషికి ఏం అందుతుంది? ఆ మనిషి మొరటువాడని కొట్టిపారెయ్యడం విమర్శకులకు అలవాటైపోయింది. అతని వైపునుంచి చూస్తే, రాఘవ చెబుతున్నది వినపడలేదు, అంతే.

ఆయన నాలుగు భాషల్లో నటించారు: తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు. 1927లో ఆరోగ్యం బాగాలేక గాంధీ నంది కొండల మీద విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు ఆయన ముందు హిందీలో 'దీనబంధు కబీర్' వేశారు. ప్రార్థన వేళ దాటుతోందని పక్కవాళ్లు గుర్తుచేసినా గాంధీ లేవలేదని, చివర్లో 'రాఘవ మహారాజ్‌కీ జై' అన్నారని చెబుతారు. 1920ల చివర్లో ఇంగ్లండు, ఐరోపా వెళ్లి అక్కడి నాటకశాలలు చూశారు, షాను కలిశారు. ఈ ప్రయాణం ఆయన్ని మార్చేసిందని రాయడం తేలిక. నిజానికి అప్పటికే నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్లు. మారడానికి కాదు, తాను ఒంటరిగా చేస్తున్నది పిచ్చి పని కాదని రూఢి చేసుకోవడానికి అది పనికొచ్చి ఉంటుంది.

ఆ తర్వాతి కాలంలో ఆయన పట్టుదలగా మొదలుపెట్టిన పని ఒకటుంది, అది నటన కంటే ఎక్కువ చికాకులు తెచ్చింది. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలి. తెలుగు రంగం మీద స్త్రీలు అసలే లేరనడం సరికాదు. నాటకమే వృత్తిగా బతికే సురభి కుటుంబాల్లో మొదటినుంచీ ఆడవాళ్లు నటించారు, వృత్తి నటీమణులూ ఉన్నారు. కానీ చదువుకున్నవాళ్లు నడిపే అమెచ్యూర్ సమాజాల్లో, 'మర్యాదస్థుల' ఇళ్ల నుంచి ఆడవాళ్లు రంగమెక్కడం ఊహకందని విషయం. అక్కడ స్త్రీ పాత్ర అంటే మగవాడు చీర కట్టడమే. ఆ కళను స్థానం నరసింహారావు ఎంత ఎత్తుకు తీసుకెళ్లారంటే, ఆయన సత్యభామను చూశాక నిజమైన ఆడవాళ్లు ఎందుకన్న వాదనకు బలం వచ్చింది. స్థానం ప్రతిభను కాదనకుండా ఆ వాదనను కాదనడం రాఘవకు ఎదురైన చిక్కు. రాగం విషయంలో ఆయన పట్టుకున్న తర్కమే ఇక్కడా పనిచేసింది. మనిషి మనిషిలా మాట్లాడే నాటకంలో మగగొంతు సన్నగా చేసి పలికే భార్య నిలవదు. పద్యనాటకంలో చెల్లిన అందం వచన నాటకంలో చెల్లదు.

ఆయనతో రంగమెక్కిన వారిలో కొమ్మూరి పద్మావతీదేవి పేరు ముందు చెప్పాలి. పి.వి. రాజమన్నారు రాసిన 'తప్పెవరిది' నాటకంలో ఇద్దరూ కలిసి నటించారు. రాజమన్నారు అప్పటికి మద్రాసులో లాయరు, తర్వాత మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి, ఆ పైన సంగీత నాటక అకాడమీకి మొదటి అధ్యక్షుడు. (తెలుగు నాటక చరిత్రలో ఇంతమంది లాయర్లు ఎందుకున్నారో ఎవరైనా విడిగా పరిశోధన చెయ్యాలి.) 'తప్పెవరిది' మధ్యతరగతి ఇంటి భార్యాభర్తల కథ. రాజులు లేరు, కిరీటాలు లేవు, రాగం తీసే చోటే లేదు. రాఘవ ఇరవై ఏళ్లుగా పౌరాణికాల్లో బలవంతంగా తెస్తున్న పద్ధతికి సరిపోయే నాటకం ఇదిగో అప్పుడు వచ్చింది. అంతవరకు ఆయన పెనుగులాడింది తోటి నటులతోనే కాదు, నాటకాల రాతతోనూ. పాడటానికి రాసిన పద్యాన్ని మాట్లాడటం ఎంత నేర్పున్నా సగం విజయమే.

ఇక సినిమా. తెలుగు టాకీ 1932లో వచ్చింది. మైకు ఉంది, కెమెరా ముఖం దగ్గరికి వస్తుంది, చివరి వరస ప్రేక్షకుడికి కూడా కంటి రెప్ప కదలిక కనపడుతుంది. మైదానంలో రాఘవకు అడ్డొచ్చినవన్నీ తెరమీద లేవు. ఈ మాధ్యమం ఆయన కోసమే పుట్టిందా అనిపించాలి. జరిగింది అది కాదు. నిర్మాతలు కెమెరాను పట్టుకెళ్లి రంగస్థలం ముందు పెట్టారు. నాటకాలు అవే, నటులు వాళ్లే, పద్యాలు అవే. ప్లేబాక్ ఇంకా లేదు, నటించేవాడే పాడాలి. దాంతో పాడలేనివాడికి వేషం దొరకడం రంగం మీద కంటే సినిమాలో ఇంకా కష్టమైంది.

1936లో ఒకే కథతో రెండు సినిమాలు పోటీపడ్డాయి, 'ద్రౌపదీ వస్త్రాపహరణం', 'ద్రౌపదీ మానసంరక్షణం'. మొదటిదాంట్లో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, కృష్ణుడు సి.ఎస్.ఆర్., ద్రౌపది కన్నాంబ. రెండోదాంట్లో దుర్యోధనుడు రాఘవ, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు. మొదటిది ఆడింది, రెండోది దెబ్బతింది. సినిమా ఆడకపోవడానికి వంద కారణాలుంటాయి, నటుడి మీద తోసెయ్యడం న్యాయం కాదు. కానీ ఆ పోటీలో ఒక లెక్క స్పష్టంగా ఉంది. యడవల్లి పద్యంలో ఘనుడు. జనం తెరమీద కూడా పద్యమే అడిగారు. యాభై అయిదేళ్ల రాఘవ, పద్యం కోసం కట్టిన పాత్రలో మాటను నమ్ముకుని నిలబడ్డారు.

మూడేళ్ల తర్వాత వచ్చిన 'రైతుబిడ్డ' సంగతి వేరు. గూడవల్లి రామబ్రహ్మం అంతకుముందు ఏడాదే 'మాలపిల్ల' తీసి అంటరానితనం మీద సినిమా ఆడగలదని నిరూపించిన దర్శకుడు. ఈసారి జమీందారీ గ్రామంలో రైతు కథ తీసుకున్నారు. 1937 ఎన్నికల్లో జమీందార్ల అండ ఉన్న జస్టిస్ పార్టీ ఓడిపోయి, ఆ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజా అంతటివారు కాంగ్రెస్ అభ్యర్థి వి.వి. గిరి చేతిలో ఓడిన వేడి ఇంకా తగ్గలేదు. జమీందారు మనిషికి ఓటెయ్యనన్న చిన్న రైతు నర్సిరెడ్డి మీద కష్టాలు వచ్చిపడటం ఇందులో కథ. ఆ నర్సిరెడ్డి రాఘవ. నిర్మాణానికి డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు కావడం ఒక వింత అయితే, మిగతా జమీందార్లు మండిపడి కొన్నిచోట్ల సినిమా ఆపించడం ఇంకో వింత.

రాఘవ విషయంలో చూడాల్సింది ఇదీ: జీవితమంతా రాజులనూ రాక్షసులనూ వేసిన నటుడు, రావు బహదూర్ బిరుదున్న పబ్లిక్ ప్రాసిక్యూటరు, యాభై తొమ్మిదేళ్ల వయసులో అప్పుల్లో ఉన్న రైతు వేషం కట్టారు. సినిమాలో పాటలున్నాయి, కొసరాజు రాసిన రైతు పాటలకు మంచి పేరొచ్చింది, వేదాంతం రాఘవయ్య దశావతార నృత్యం ఉంది. కానీ ఆ బరువు వేరేవాళ్ల మీద ఉంది. నర్సిరెడ్డి చెయ్యవలసింది నిలబడటం, వినడం, తక్కువ మాట్లాడటం. షావుకారు ముందు తల వంచకుండా, అలాగని వీరుడిలా ఛాతీ విరవకుండా మాట్లాడే రైతు తెలుగు తెరకు అప్పటికి కొత్త. పౌరాణిక వేషాలతో నిండిన 1939లో అలాంటి పాత్ర ఒకటి దొరకడం రాఘవ అదృష్టం. అది ఇరవై ఏళ్లు ఆలస్యంగా దొరకడం తెలుగు సినిమా దురదృష్టం. ఇందులో కొమ్మూరి పద్మావతీదేవి కూడా ఉన్నారు. రంగం మీద ఇద్దరూ కలిసి చేసిన ప్రయోగానికి ఇది తెరమీద కొనసాగింపు.

మూడోది 'చండిక', 1940. కన్నాంబ, వేమూరి గగ్గయ్య ఉన్న జానపదం. ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. గగ్గయ్య గొంతుకూ అట్టహాసానికీ జనం చప్పట్లు కొట్టే రోజుల్లో, ఆయన పక్కన తగ్గించి నటించే మనిషి ఎలా కనిపించి ఉంటాడో ఊహించుకోవచ్చు. ఆ తర్వాత రాఘవ సినిమా జోలికి పోలేదు. 1946 ఏప్రిల్ 16న చనిపోయారు. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు కూడా, ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవం చేసేది ఆ రోజే. సభల్లో వీరేశలింగం ఫోటోకు దండ పడుతుంది. అదే తేదీన రాఘవ పోయారన్నది ఎవరికీ పెద్దగా గుర్తుకురాదు.

గుర్తుకురాకపోవడానికి ఒక కారణం రాజకీయ భూగోళం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటువచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. ధర్మవరం, కోలాచలం, రాఘవ ముగ్గురూ పనిచేసిన ఊరు అలా సరిహద్దు అవతల మిగిలింది. ఒక ఊరి నాటక సంప్రదాయాన్ని నిలబెట్టేది పుస్తకాలు కాదు, ఆ ఊళ్లో ఏటా జరిగే ఆటలు, అక్కడి పిల్లలు. తెనాలికి అది ఉంది, అందుకే అక్కడి రంగం మీద వెలిగిన స్థానం వారి పేరు కృష్ణాతీరంలో ఇంకా మాటల్లో దొర్లుతుంది. బళ్ళారిలో రాఘవ పేరున కళామందిరం ఉంది, అభిమానులున్నారు, అక్కడ తెలుగు నాటకాలు కూడా ఆడతారు. కానీ గుంటూరులోనో హైదరాబాదులోనో నాటకం నేర్చుకునే కుర్రాడికి బళ్ళారి తన ఊరు కాదు.

శిష్యుల దారి ఇంకో రకంగా ఆలోచింపజేస్తుంది. రాఘవను గురువుగా భావించిన బందా కనకలింగేశ్వరరావు ఏలూరులో లాయరు. ప్రభాత్ థియేటర్ నడిపారు. పద్యాన్ని భావయుక్తంగా, అనవసర రాగాలు లేకుండా చెప్పే కృష్ణుడిగా పేరు తెచ్చుకున్నారు. అంటే గురువు మాటను పూర్తిగా వచనంవైపు తీసుకెళ్లలేదు, పద్యనాటకంలోనే ఉండి పద్యాన్ని అదుపులో పెట్టారు. తర్వాత ఆయన శక్తి చాలావరకు కూచిపూడిని నిలబెట్టడానికి పోయింది. రాఘవ పద్ధతిలో అతి దగ్గరి శిష్యుడు కూడా సగం దారిలోనే ఆగాడంటే, ఆ దారి ఎంత ఏటవాలుగా ఉందో తెలుస్తుంది.

వచనం వైపు నడిచినవాళ్లు ఇంకో తోవలో వచ్చారు. 1940ల తర్వాత నాటక పరిషత్తుల పోటీల్లో సాంఘిక నాటకం పెరిగింది, వామపక్ష కళాకారుల ప్రజానాట్యమండలి జనం భాషను రంగం మీదకు తెచ్చింది. ఆ గాలిలో పెరిగిన నటులే తర్వాత సినిమాకు వెళ్లారు. ప్లేబాక్ స్థిరపడ్డాక పాడలేని నటుడికి తలుపు తెరుచుకుంది. గోవిందరాజుల సుబ్బారావు 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లుగా, ఎస్.వి. రంగారావు ఎన్నో పాత్రల్లో, ముక్కు విరుపుతోనో మాట మధ్య ఒక్క ఆగడంతోనో సీను గెలిచిన తీరును రాఘవ నుంచి నేరుగా నేర్చుకున్నారని చెప్పడానికి ఆధారం లేదు, అలా చెప్పనక్కర్లేదు కూడా. రాఘవ అడిగింది అదే. అది ఆయన చెప్పినందువల్ల కాక, మైకూ కెమెరా ప్లేబాకూ కలిసి రావడంవల్ల సాధ్యమైంది. 1936లో ఆయన్ని దెబ్బతీసిన సాంకేతిక పరిమితి ఇంకో పదేళ్లకు పూర్తిగా తొలగిపోయింది.

రంగస్థలం మాత్రం వేరే రాజీ చేసుకుంది. నంది నాటకోత్సవాల్లో పద్య నాటకానికి ఒక విభాగం, సాంఘిక నాటకానికి ఇంకో విభాగం, బహుమతులు వేరు, నటుల్లో కూడా చాలావరకు ఎవరి దారి వారిదే. పద్యం వచ్చినవాడు పద్యనాటకానికి, నటన వచ్చినవాడు సాంఘికానికి. రాఘవ కోరింది ఈ పంపకం కాదు. హరిశ్చంద్రుడు కూడా మనిషిలా ఏడవాలని ఆయన అడిగారు. ఈ రోజుకీ కాటిసీనులో హార్మోనియం శ్రుతి పెరగగానే మొదటి వరసలో కూర్చున్న పెద్దవాళ్లు సర్దుకుని కూర్చుంటారు, వన్స్ మోర్ కోసం.